ఎద్దు ఉందా, అమ్మేశారా, చనిపోయిందా?

చొక్కాకు పట్టిన వేరుశనగ చెక్క వాసన రెండు ఉతుకులకూ వదల్లేదు, బ్యాంకు తనిఖీ మీద నా కోపమూ వదల్లేదు. అది కూడా పోయాక నిదానంగా రాద్దామనుకున్నాను గాని, అప్పటికి ఇదంతా మామూలు సంగతే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటానేమోనని భయం వేసి ఇప్పుడే కూర్చున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. విజయనగరంలో గంట స్తంభానికి రెండు సందుల అవతల నాకో గానుగ నూనె దుకాణం ఉంది. "మేం నడుపుతున్నాం" అని రాయాలని చెయ్యి లాగుతుంది గాని ఉన్నది నేనొక్కడినే. పొద్దున్నే షట్టరు ఎత్తేవాడు, నువ్వులు చెరిగేవాడు, గానుగ దగ్గర నిలబడేవాడు, సీసాలకు లేబుళ్లు అంటించేవాడు, అరువు అడిగినవాళ్లతో "మా ఓనరు గారిని అడిగి చెప్తానండి" అనేవాడు, లోపలికెళ్లి గోడకేసి చూసి బయటికొచ్చి "ఒప్పుకోలేదండి" అనేవాడు, అందరూ నేనే.

2024 విజయదశమికి తెరిచాను. ఇంకో మూడు రోజుల్లో పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఊరంతా జనం, మనిషికో పావు లీటరన్నా కొనకపోతారా అని లెక్క కట్టాను. గుడి నుంచి కోటకు సిరిమాను మూడుసార్లు తిరిగేది చూడటానికి వచ్చినవాళ్లు చంకలో నూనె సీసా పెట్టుకుని తిరగరని ఆ సాయంత్రానికి తెలిసింది. నా దుకాణంలోకి వచ్చినవాళ్లలో సగం మంది మంచినీళ్లు అడిగారు, మిగతా సగం మంది ఆ నీళ్లు తాగాక వెళ్లాల్సిన చోటెక్కడని అడిగారు. ఒక్క సీసా అమ్మాను. కొన్నది మా మేనత్త.

ఆ తర్వాత ఏడాదంతా జనానికి సంజాయిషీలు చెప్పుకోవడంతోనే గడిచింది. లీటరు సీసా తూకం వేస్తే 910 గ్రాములు తూగుతుంది. నూనె నీటికన్నా తేలిక కాబట్టి ఎవరి సీసా అయినా అంతే తూగుతుంది, లేబులు మీద కూడా అలాగే రాసి ఉంటుంది. అయినా ఎదురు వీధి పెద్దాయన ఒకరు వంటింటి కాటా తెచ్చి నా కౌంటరు మీద పెట్టి, "మిగతా 90 గ్రాములు ఎవరు తాగారు?" అని అడిగారు. పుష్యమాసంలో ఓ తెల్లవారుజామున చలికి కొబ్బరినూనె గడ్డకడితే మైనం కలిపానన్నారు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర కొబ్బరినూనె గడ్డకడుతుందని చెప్పడం నాలుగు రోజుల్లో నాకు కంఠతా వచ్చేసింది. కిలో నువ్వులు ఆడిస్తే నాలుగు వందల గ్రాముల అటూ ఇటూ నూనె, మిగతాది తెలకపిండి. ఏడాది లెక్క చూసుకుంటే నూనె మీదకన్నా తెలకపిండి మీదే నాకు మంచిపేరు వచ్చింది. మునగాకుతో వండుకోవడానికని, ఇంట్లో బాలింత ఉందని వెతుక్కుంటూ వస్తారు. నూనె మాత్రం "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం బాబూ" అంటారు.

గానుగెద్దు మీద మీకిప్పుడు ఒక జోకు తట్టి ఉంటుంది. అది నాకు ఏడాది కిందటే తట్టింది. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ కొత్తగా కనిపెట్టినట్టు వేసి వెళ్లారు. అందుకని నేనిక్కడ వెయ్యను. నాది మోటారు గానుగ, మూడు హెచ్‌పీ. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆ మోటారుకీ గానుగకీ డబ్బు అప్పుగా వచ్చింది. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ అని ఒక రకం ఉంటుంది, యాభై వేలు దాటి ఐదు లక్షల దాకా ఇస్తారు, తాకట్టు అడగరు. ఆ డబ్బుతో కొన్నవి మాత్రం అప్పు తీరేదాకా బ్యాంకుకు పూచీ. అది న్యాయమే. దానికి ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నారు. మా సందు చివర జిరాక్సులు తీసే ఆయన, రిపోర్టు తానే చేసి పెడతానని పదిహేను వందలు తీసుకుని, అరగంటలో ఇరవై రెండు పేజీలు చేతిలో పెట్టాడు. అరగంటలో అన్ని పేజీలు ఎలా వచ్చాయని నాకప్పుడు అనుమానం రావాల్సింది. పేజీల బరువు చూసి మురిసిపోయి పద్నాలుగు చోట్ల సంతకాలు పెట్టాను. ఆయన దగ్గర పాతవి రెండు ఫైళ్లున్నాయట, ఒకటి పాల డెయిరీది, ఇంకోటి ఎప్పటిదో ఎద్దు గానుగది. రెండూ కలిపి నా పేరు పెట్టాడు. పదిహేడో పేజీలో ఆస్తుల జాబితా ఇలా ఉంది: గానుగ 1, మోటారు 1, ఎద్దు 1. మోటారూ ఎద్దూ రెండూ ఎందుకో బ్యాంకులో ఎవరూ అడగలేదు. కరెంటు పోతే ఎద్దు తిప్పుతుందనుకున్నారో ఏమో.

పోయిన ఆదివారం, అక్టోబరు 12తో తేదీల ప్రకారం ఏడాది నిండింది. సోమవారం పొద్దున్నే బ్యాంకు నుంచి ఒక కుర్రాడు ట్యాబు పట్టుకుని వచ్చాడు, తనిఖీకి. ఆ రోజు మా మామగారు కూడా దుకాణంలోనే ఉన్నారు. సిరిమానుకని బొబ్బిలి నుంచి వచ్చి, అల్లుడి కంపెనీ చూసి వెళ్తానని ఆగిపోయారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కంపెనీ అన్న మాట ఆయనదే. నేను సరిదిద్దలేదు.

కుర్రాడు మంచివాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే గొడవ పెట్టుకుని ఈ వ్యాసం రాసే పని తప్పేది.

గానుగ ఫొటో తీసుకున్నాడు. మోటారు ఫొటో తీసుకున్నాడు. ట్యాబులో వేలితో కిందికి జరిపి, చుట్టూ చూసి, "ఎద్దు ఎక్కడ సార్?" అన్నాడు.

"ఏ ఎద్దు?"

"మీదేనండి. జాబితాలో ఉంది."

మామగారు కళ్లద్దాలు పైకి జరుపుకుని ట్యాబులోకి తొంగిచూశారు. "బుల్లక్, వన్. అవును అల్లుడుగారూ, మీ పేరుమీదే ఉంది" అన్నారు, నేను దాచిపెట్టిన పొలమేదో బయటపడ్డట్టు సంతోషంగా.

నా దగ్గర ఎద్దు లేదని, ఎప్పుడూ లేదని, అది జిరాక్సు పొరపాటని చెప్పాను. కుర్రాడు సానుభూతిగా తలూపాడు. "నాకు అర్థమైంది సార్. కానీ ఇందులో మూడే ఉన్నాయి చూడండి. ఉంది, అమ్మేశారు, చనిపోయింది."

"అసలు లేదు అన్నది లేదా?"

"లేదండి."

"అంటే మీ యాప్‌లో లేదు అనేదే లేదు."

"లేదండి."

సరే, అమ్మేశాం అని పెట్టమన్నాను. బ్యాంకుకు పూచీ ఉన్న ఆస్తిని చెప్పకుండా అమ్మితే పై ఆఫీసు నుంచి నోటీసు వస్తుందట. పోనీ చనిపోయింది అని పెట్టమన్నాను. పాపం, లేని ఎద్దును ఆ క్షణాన నా చేతులతో నేనే చంపాను. అలా అయితే పశువుల డాక్టరు పోస్టుమార్టం సర్టిఫికెట్టు కావాలట, చెవి ట్యాగు కూడా కావాలట. ఇప్పుడు పశువులకు కూడా చెవికి పసుపు బిళ్ల వేసి పన్నెండు అంకెల నంబరు ఇస్తున్నారు కదా. పుట్టని జీవానికి పోస్టుమార్టం చేసే డాక్టరు ఈ జిల్లాలో ఎవరున్నారా అని నేను నిజంగానే ఒక్క నిమిషం ఆలోచించాను. అక్కడే తెలియాలి, యాప్ గెలిచేసిందని.

సరిగ్గా అప్పుడు రాజావారు వచ్చారు.

రాజావారి గురించి చెప్పాలి. మా పేటలో తిరిగే ఆంబోతు అది. తెల్లటి ఒళ్లు, ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉంటుంది, నడకలో ఎక్కడా తొందర ఉండదు. అచ్చోసి వదిలినదే అంటారు, ఏ దేవుడి పేరు మీదో అడిగితే తలా ఒక గుడి చెప్తారు. నేను దుకాణం తెరిచిన మూడో రోజు నుంచి ప్రతిరోజూ పదకొండు గంటలకు వచ్చి మెట్టు దగ్గర నిలబడుతుంది. వేరుశనగ చెక్క రెండు ముక్కలు పెడితే తిని, ఒకసారి ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలి వెళ్లిపోతుంది. ఏడాదిలో ఒక్కరోజు నాగా లేదు. నాకున్న ఏకైక నికరమైన ఖాతాదారు అదే. డబ్బు ఇవ్వదు, అయితే సీసా తూకం వేయమనీ అడగదు.

కుర్రాడి ముఖం వెలిగిపోయింది. "సార్, ఉందిగా!"

"అది నాది కాదు బాబూ."

"రోజూ వస్తుందా?"

"వస్తుంది."

"మేత మీరే పెడతారా?"

"పెడతాను గానీ..."

"మరింకేం సార్" అంటూ ఉంది అన్న దాని మీద నొక్కేశాడు. నొక్కగానే ఇంకో గడి తెరుచుకుంది: విలువ. రిపోర్టులో అక్కడ ఉత్త గీతే ఉంది. ఎంత వేయమంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామగారు, "లక్ష వేయండి. అంతకు తక్కువ వేస్తే మర్యాదగా ఉండదు" అన్నారు. ఆయన తన కూతురిని ఎద్దు కూడా లేనివాడికి ఇచ్చానన్న బెంగతో ఏడాదిగా ఉన్నట్టున్నారు. ఆ గొంతులో తేలికదనం చూస్తే కాదనబుద్ధి కాలేదు. పైగా లక్ష అన్నాక రాజావారు నిజంగానే ఇంకొంచెం నిండుగా కనిపించారు.

ఇక ఫొటో. ఆస్తీ అప్పుదారూ ఒకే ఫొటోలో ఉండాలి, అప్పుదారు చెయ్యి ఆస్తి మీద ఉండాలి, వెనక దుకాణం బోర్డు కనిపించాలి. రాజావారి మీద ఇంతవరకు ఎవరూ చెయ్యి వేసి ఎరగరు. ముక్కుతాడు లేదు, పలుపు లేదు. నేను కుడిచేత్తో చెక్క ముక్క పట్టుకుని, ఎడంచెయ్యి మూపురానికి రెండంగుళాల దూరంలో గాల్లో ఉంచాను. "తగలాలి సార్" అన్నాడు కుర్రాడు. తగిలించాను. ఒంటి మీద ఈగ వాలితే ఆడించినట్టు చర్మం మాత్రం ఒక్కసారి జలదరించింది, అంతే. ఫొటో పడింది. యాప్ వద్దంది. నా ముఖం స్పష్టంగా లేదట. ఎద్దు ముఖానికి అభ్యంతరం లేదు.

ఈలోగా తెలకపిండి కోసం వచ్చిన మామ్మ ఒకావిడ సంచీ పట్టుకుని నిలబడి అంతా చూసి, "ఏటి బాబూ, ఫొటోలు తీస్తన్నారు, ఎద్దుకేటైనా సమ్మందమొచ్చినాదా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. మామగారు కండువా సర్దుకుని ఫొటోలో పడేలా ఒకడుగు ముందుకు జరిగారు.

రెండోసారి బోర్డు రాలేదన్నాడు. బోర్డు రావాలంటే నేను మెట్టెక్కాలి. నేను మెట్టెక్కాను, చెక్క ముక్క నాతోపాటు మెట్టెక్కింది, ముక్క వెనకాల రాజావారు కూడా మెట్టెక్కారు. ఏడాదిగా మెట్టు కిందే నిలబడే మర్యాదస్తుడు లోపలికి రాగానే గోడవారన తెరిచి ఉన్న చెక్క బస్తా చూశాడు. ఆ తర్వాత నేను గాని, నా చేతిలో ముక్క గాని ఆయన లెక్కలో లేము. బస్తాకీ ఆయనకీ మధ్య పదిహేను కిలోల డబ్బా ఉంది, దానిలో తెల్లవారుజామున లేచి ఆడించిన పప్పునూనె సగానికి పైగా ఉంది. కొమ్ము తగల్లేదు, కాలు తగల్లేదు. ఉత్త పొట్ట పక్క ఆనించాడంతే. డబ్బా తలుపు మూసినంత నెమ్మదిగా పక్కకు ఒరిగింది. పట్టుకుందామని ఒక్క అడుగు వేశాను.

నూనె మీద జారిపడటంలో ఒక విశేషం ఉంది. బురదలో పడితే ఎక్కడో ఒకచోట ఆగుతాం. నూనెలో ఆగం. నేను గానుగ దగ్గర నుంచి గుమ్మం దాకా కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వచ్చాను, చేతిలో చెక్క ముక్క అలాగే ఉంది, వస్తూ వస్తూ మామ్మ సంచీకి తగిలాను. ఆవిడ "జాగర్త నాయినా" అంది, నేను బస్సు దిగుతున్నట్టు. అప్పుడే రాజావారు వెనక్కి తిరిగి, బస్తా ఎక్కడికీ పోదనుకున్నారేమో, ముందుగా నా చొక్కా జేబు దగ్గర అంటిన చెక్క పొడి నాకడం మొదలుపెట్టారు. ఆ నాలుక ఉప్పుకాగితంలా ఉంటుంది. ఆయన్ని ఆపడానికి నా చెయ్యి మూపురం మీద గట్టిగా వేశాను.

"సూపర్ సార్! కదలకండి!" అన్నాడు కుర్రాడు.

మూడో ఫొటో యాప్ ఒప్పుకుంది. ముఖం స్పష్టంగా ఉంది, బోర్డు ఉంది, చెయ్యి ఉంది. ఎడమ పక్కన మామగారు అటెన్షన్‌లో ఉన్నారు.

ఆ తర్వాత రాజావారు ఎలా బయటికి వెళ్లారో, పొట్టు చల్లి నేల ఎంతసేపు తుడిచానో వదిలేయండి. కుర్రాడు నన్ను లేవదీశాడు, చొక్కాకు చెయ్యి తుడుచుకోబోయి ఆగాడు, "సార్, ఫీడ్‌బ్యాక్ లింకు వస్తుంది, కొంచెం ఐదు చుక్కలు నొక్కండి" అని చెప్పి బండెక్కాడు. నొక్కాను కూడా. ఉన్న ఆప్షన్లు చూశాక దేనికైనా నొక్కేస్తాం.

నిన్న సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పశువుల బీమా ప్రీమియం కింద నా ఖాతాలోంచి ₹4,130 తీసుకున్నారు. లక్ష విలువకు అంతేనట. పందొమ్మిదో తేదీన వాయిదా కోసం ఉంచిన డబ్బది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఎద్దు నాది కాదని ఉత్తరం రాసి, ఎద్దు ఫొటో, చెవి ట్యాగు నంబరు జతచేసి ఇమ్మన్నారు.

ఇవాళ పదకొండుకు చెక్క పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాను. పదకొండున్నర అయింది, పన్నెండు అయింది, రాజావారు రాలేదు. ఏడాదిలో ఇదే మొదటి నాగా. మామగారు కండువా భుజాన వేసుకుని, "లక్ష రూపాయల ఎద్దు అల్లుడుగారూ" అంటూ మూడు లాంతర్ల వైపు వెతకడానికి వెళ్లారు. ఇంకా రాలేదు.