ఊళ్లను అడగకుండానే కలిపేశారు

నిన్నమొన్నటి దాకా హైదరాబాద్ శివారులోని మణికొండ గ్రామ పంచాయతీ. 2018లో చేసిన చట్ట సవరణతో మున్సిపాలిటీ అయింది. 2020 జనవరిలో జనం తొలిసారి కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. 2025 జనవరిలో పాలకవర్గం గడువు తీరింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టారు. ఏడాది తిరగకముందే 2025 డిసెంబరులో ఆర్డినెన్సుతో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిపేశారు. పట్టణంగా ఆ ఊరు చూసింది ఒకే ఒక్క పాలకవర్గం. నార్సింగి, ఆదిభట్ల, తుక్కుగూడలదీ ఇదే దారి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు ఒక్క దెబ్బకు మాయమయ్యాయి.

మహానగరానికి ఒకే ప్లానింగు, ఒకే డ్రైనేజీ వ్యవస్థ ఉండాలన్నది ప్రభుత్వ వాదన. అవసరమే కావచ్చు. కానీ ఆ మాట జనానికి చెప్పి ఒప్పించడానికి అడ్డేమొచ్చింది?

విలీనానికి మణికొండ తరఫున ఔననో కాదనో చెప్పడానికి ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు. ఉన్నది ప్రభుత్వం వేసిన అధికారి. అంటే సర్కారు తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకుంది. కౌన్సిల్ గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం స్పష్టంగా చెబుతోంది. ముందు ఎన్నికలు ఆపడం, అడిగేవాళ్లు లేని సమయం చూసి ఊరిని కలిపేయడం: ఇదే ఆనవాయితీ అయితే రేపు ఏ పట్టణానికీ దిక్కుండదు.

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీని చేసినప్పుడూ, 2018లో పంచాయతీలను మున్సిపాలిటీలుగా మార్చినప్పుడూ, 2024లో 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపినప్పుడూ నిర్ణయం సచివాలయానిదే. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమరావతి గ్రామాలతో పురపాలక సంఘం చేయాలనుకున్నప్పుడు గ్రామసభలైనా పెట్టారు. జనం వద్దని ముఖం మీదే చెప్పారు. ఆ పాటి మర్యాద శివారు ఊళ్లకు దక్కలేదు.

విలీనం జరిగిన ఆ డిసెంబరులోనే తెలంగాణలో పన్నెండు వేలకు పైగా పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. అవీ దాదాపు రెండేళ్ల ఆలస్యంతో, హైకోర్టు గట్టిగా అడిగాక. పల్లె ప్రజాస్వామ్యం గురించి మంత్రులు మైకుల్లో తెగ చెప్పారు. ఔటర్ అవతలి ఊరికి సర్పంచిని ఇచ్చి, ఇవతలి ఊరికి కౌన్సిలే లేకుండా చేయడం ఏ న్యాయం?

కౌన్సిల్ ఉన్నన్నాళ్లూ గల్లీలో మ్యాన్‌హోల్ పొంగితే పక్క వీధిలో ఉండే కౌన్సిలర్ ఇంటికెళ్లి తలుపు కొట్టేవారు. పని జరిగినా జరగకపోయినా ఆ మనిషి ముఖం తప్పించలేకపోయేవాడు. విలీనమప్పుడు మహానగరాన్ని 300 వార్డులు చేశారు; ఒక్కో కార్పొరేటర్ కింద పదుల వేల మంది ఉంటారు. ఆ కార్పొరేటర్ కూడా ఎన్నికలయ్యాకే వస్తాడు. అప్పటిదాకా యాప్‌లో ఫిర్యాదు పెట్టి ఎదురుచూడాల్సిందే. ఇంటి పన్ను మాత్రం టైముకు కట్టాలి.

శివారు ఎమ్మెల్యేలు ఏ పార్టీ వారైనా శాసనసభలో నోరు విప్పాలి. ఎన్నికల తేదీ ఏది, వార్డు కమిటీలు ఎప్పుడు వేస్తారు, ఈ ఊళ్ల పన్ను డబ్బు ఈ ఊళ్లలోనే ఎంత ఖర్చు పెడతారు? ఈ మూడింటికీ సభలో రాతపూర్వకంగా జవాబు రాబట్టాలి. అది చేతకాకపోతే వచ్చే ఎన్నికల్లో ఓట్లడగడానికి ఈ కాలనీలకు రావద్దు.