బీలని ఖాళీ జాగా అనకండి

పోయిన నెల చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర మా బావ ఒకాయన అన్నాడు: "మీ సోంపేట వైపు అంత జాగా ఖాళీగా పడుంది కదా, ఆ బురదలో ఏం పండుతుంది? ఏ ఫ్యాక్టరీకో ఇచ్చేస్తే మన పిల్లలు ఊళ్ళోనే ఉందురు." పెళ్ళింట్లో గొడవెందుకని ఊరుకున్నాను. కానీ ఆ 'ఖాళీ' అన్న మాట అప్పట్నుంచీ నన్ను వదలట్లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ఆయన ఖాళీ అన్నది మా శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరున్న బీలని. బీల అంటే తెలియని వాళ్ళకి చెప్తాను. కొండల వైపు నుంచి గెడ్డల్లో, అంటే వాగుల్లో, దిగొచ్చే నీళ్ళు, పైన కురిసిన వాన, అన్నీ సముద్రం దాకా వచ్చి, ఇసక దిబ్బలు అడ్డం పడి నిలిచిపోయే పల్లం. దిబ్బల మీద మొగలి పొదలు, జీడి, సరుగుడు, తాటి. కిందికి దిగితే తుంగ, జమ్ము, కలువ. దాని గట్టు దాటితే వరి. సముద్రపు హోరు వినపడేంత దూరంలో తియ్యటి నీళ్ళు! ఆ నీళ్ళు అక్కడ నిండుగా ఉన్నంత కాలం భూమి లోపల ఉప్పునీరు మా బావుల వైపు రాలేదు. బీల పూడ్చేస్తే అది రాకుండా ఆపేది ఏమీ ఉండదు.

మా మేనత్త ఈ బీల మీదే బతికింది. పొద్దున్నే చోడి అంబలి తాగి, నడుం లోతు నీళ్ళలో దిగి తుంగ కోసేది. తుంగ కాడకి మూడు పలకలుంటాయి, అంచు బ్లేడులా ఉంటుంది. అత్త బొటనవేలి పక్కన ఎప్పుడూ మానని గాట్లు ఉండేవి, పసుపు అద్దుకుని మళ్ళీ దిగేది. తెచ్చిన కాడల్ని పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి వాకిట్లో ఎండేసేది. మధ్యాహ్నానికి ఇల్లంతా ఒక పచ్చి వాసన, వాన పడ్డ గడ్డివాము దగ్గర వస్తుందే, అలాంటిది. చాపలమ్మిన డబ్బు మావయ్య చేతికి ఇచ్చేది కాదు. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ డబ్బుతోనే అయింది. నీళ్ళు తగ్గే రోజుల్లో మేం పిల్లలం ఊతలు, అంటే చేపలు పట్టే అడుగులేని బుట్టలు, పట్టుకుని దిగేవాళ్ళం. ఊత బురదలో దిగేసి పైనుంచి చెయ్యి పెడితే లోపల కొర్రమీను కొట్టుకునేది... ఆ వణుకు ఇప్పటికీ నా మోచేతి దాకా గుర్తుంది.

ఇదంతా ఏ రికార్డులో రాస్తారు? ఎవరూ దున్నరు, ఎవరి పేరునా పట్టా లేదు, శిస్తు రాదు. కాబట్టి పనికిరాని ప్రభుత్వ భూమి. ఆ ఒక్క మాట ఆధారంగానే 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకి ఈ బీలని ఇవ్వబోయారు. 2010 జూలై 14న జనం అడ్డం నిలబడ్డారు. కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అని ఒప్పుకోడానికి మనుషులు చావాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆ నీళ్ళలోకి దిగిన ఏ పిల్లాడినడిగినా అది బీల అని చెప్పేవాడు కదా!

బావ మాటలో న్యాయం లేదని నేననను. మా జిల్లా వలసల జిల్లా. సముద్రం ఇంటి ముందే ఉన్నా మా మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా పోయి అక్కడి బోట్లెక్కుతారు. 2018లో అలా వెళ్ళిన వాళ్ళే పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. పని కావాలి, ఎవరు కాదన్నారు? కానీ చదువు లేని ఆడమనిషికి, ఎకరం భూమి లేని ఇంటికి, పొద్దున్న వెళ్తే సాయంత్రానికి ఏదో ఒకటి చేతిలో పెట్టే చోటు ఇదొక్కటే. దీన్ని పూడ్చి కట్టిన గేటు దగ్గర మా అత్తకి ఏ ఉద్యోగం ఇస్తారో అది కూడా చెప్పండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. మా వైపు తోటల ప్రాంతం ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదలంటా కూలి ఒకదాని మీద ఒకటి పడున్నాయి, జీడి తోటలు నేలమట్టం. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. బీలకి అంత కాలం అక్కర్లేదు. నీళ్ళు ఎక్కువొస్తే తనలో ఉంచుకుంది, తర్వాత మెల్లగా వదిలింది. తుంగ మళ్ళీ లేచింది. తోట పోయిన ఇళ్ళల్లో కొన్ని ఆ ఏడాది దాని మీదే గడిచాయి.

పైగా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేల్చలేదు. అలాంటి ప్రాంతంలో శుభ్రమైన నీళ్ళు నిలిచే చోటుని బురద గుంట అని తీసిపారేసే ధైర్యం ఎలా వస్తుంది?

2.25 హెక్టార్లు దాటిన చిత్తడి నేలలు దేశంలో రెండు లక్షలకి పైగా ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలతో లెక్క తీశారు. వాటిని కాపాడమని 2017లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. కానీ లెక్కలో ఉండటం వేరు, సర్వే చేసి హద్దులు గుర్తించి నోటిఫై చెయ్యటం వేరు. అది కానంత వరకు ఎవరో ఒకరు రాత్రిపూట ట్రాక్టర్లతో మట్టి తోలుతూనే ఉంటారు.

మా ఊరి కుర్రాళ్ళకి ఒకటే చెప్తున్నాను. ఈసారి గ్రామసభకి సెల్ఫీకి కాదు, కాగితంతో వెళ్ళండి. బీల సర్వే నంబర్లు అడగండి, రికార్డులో ఏమని రాసుందో చదివించండి, హద్దు రాళ్ళు ఎక్కడున్నాయో చూపించమనండి. నేను దసరాకి వస్తున్నాను. అత్తకి ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి నీళ్ళలో దిగలేదు గానీ, ఏ మూల ఎంత లోతో, ఏ గెడ్డ ఎక్కడ కలుస్తుందో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. కుర్చీ వేసి గట్టు మీద కూర్చోబెడదాం, ఆవిడ చెప్తుంటే మనం గీసుకుందాం.