ఎంత నీరు పంపారని కాదు, ఏ పగులులోకి పంపారని అడగాలి

2006 డిసెంబరు 8 సాయంత్రం స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పెద్ద చప్పుడుతో నేల కుదిపింది. తీవ్రత 3.4గా నమోదైంది. భూగర్భంలోని వేడిని వెలికితీసే భూఉష్ణశక్తి ప్రాజెక్టు కోసం నగరం కిందే ఐదు కిలోమీటర్ల లోతున తవ్విన బావిలోకి అప్పటికి ఆరు రోజులుగా సుమారు 11,500 ఘనపు మీటర్ల నీటిని అధిక పీడనంతో పంపారు. ప్రాణనష్టం జరగలేదు కానీ గోడలు బీటలు వారాయి, పరిహారం కోసం దరఖాస్తులు వెల్లువెత్తాయి. 1356లో భూకంపానికి నేలమట్టమైన చరిత్ర ఉన్న ఆ నగరం ఈ కుదుపును తేలిగ్గా తీసుకోలేదు. మూడేళ్ల తర్వాత ప్రాజెక్టును పూర్తిగా రద్దు చేశారు.

ఇలాంటి కంపాలను నీరే సృష్టిస్తుందని అనుకోవడం పొరపాటు. భూమి లోతుల్లో వేడిగా ఉన్నా నీరు చొరబడని గట్టి రాయిలో ప్రవాహానికి దారి ఏర్పడాలంటే, అందులోని సన్నటి పగుళ్లను నీటి పీడనంతో తెరవాలి. ఆ పగుళ్లకు ఇరువైపులా ఉన్న రాతిపలకలు పైనున్న బరువుకు గట్టిగా అదుముకుని ఉంటాయి. వాటిని జారకుండా పట్టి ఉంచే ఘర్షణకు ఆ అదుముడే ఆధారం. మధ్యలోకి చేరిన నీటి పీడనం ఆ పట్టును సడలిస్తుంది. అప్పటికే పక్కకు జారాలని చూస్తున్న పలక కాస్త జారుతుంది. నిజానికి ఇంజనీర్లు కోరుకునేది కూడా ఈ చిన్న జారుడునే, ఎందుకంటే జారిన పగులు మళ్లీ పూర్తిగా మూసుకోదు, నీటికి దారి మిగులుతుంది. అంటే సూక్ష్మకంపాలు ఈ పద్ధతిలో పొరపాటున పుట్టేవి కావు, పనిలో భాగం. జారుడు ఎక్కడ ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పంపులో లేదు, వేల ఏళ్లుగా ఒత్తిడిని దాచుకున్న భ్రంశంలో, అంటే రాతిపలకలు ఒకదానిపై ఒకటి జారగల పెద్ద పగులులో ఉంది.

ఈ తేడాను తెలుసుకోవడానికి దక్షిణ కొరియా భారీ మూల్యం చెల్లించింది. పోహాంగ్ నగరం దగ్గర ఇలాంటి ప్రాజెక్టు కోసమే నాలుగు కిలోమీటర్లకు మించిన లోతుకు రెండు బావులు తవ్వి, 2016 జనవరి నుంచి 2017 సెప్టెంబరు వరకు ఐదు విడతలుగా నీరు పంపారు. అదంతా కలిపినా 13,000 ఘనపు మీటర్లలోపే, అంటే బాసెల్‌లో పంపినదానికి కాస్త ఎక్కువ మాత్రమే. కానీ 2017 నవంబరు 15న వచ్చిన భూకంపం తీవ్రత 5.5, విడుదలైన శక్తి బాసెల్ కుదుపుకు వెయ్యి రెట్లకు పైనే. వంద మందికి పైగా గాయపడ్డారు, వెయ్యి మందికి పైగా ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది, దేశమంతటా మర్నాడు జరగాల్సిన కళాశాల ప్రవేశ పరీక్ష వారం వాయిదా పడింది. అప్పటిదాకా ఎవరికీ తెలియని భ్రంశాన్ని నీటి పీడనమే కదిలించిందని 2019 మార్చిలో ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం తేల్చింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ భ్రంశం ముందే ఇచ్చిన సూచనలు. రెండో బావి తవ్వుతున్నప్పుడు దాదాపు 3.8 కిలోమీటర్ల లోతులో తవ్వకం కోసం బావిలోకి పంపే బురద ద్రవం పెద్దఎత్తున చుట్టూ ఉన్న రాతిలోకి ఇంకిపోయింది. పగిలి నలిగిన రాయి అక్కడ ఉందనడానికి అది గట్టి ఆధారం. 2017 ఏప్రిల్‌లో 3 దాటిన తీవ్రతతో కంపం వచ్చింది. అయినా ఆ తర్వాత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ నీరు పంపారు.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి పక్కన 2018లో జరిగింది ఇందుకు భిన్నం. ఆరు కిలోమీటర్ల లోతున్న బావిలోకి 49 రోజుల్లో 18,000 ఘనపు మీటర్ల నీరు పంపారు. తీవ్రత 2.1కి చేరితే పని ఆపాలన్న షరతు ముందే ఉండటంతో, కంపాలను ఎప్పటికప్పుడు గమనిస్తూ, పీడనాన్ని తగ్గిస్తూ, మధ్యమధ్య విరామం ఇస్తూ సాగారు. గరిష్ఠ తీవ్రత 1.9 వద్దే నిలిచింది. అక్కడి ప్రాచీన రాతి పునాది పెద్దగా కదలికలు లేనిదన్న అదృష్టం కూడా కలిసి వచ్చిందని ఒప్పుకోవాలి. అయినా పోహాంగ్‌లో పంపిన దానికంటే ఎక్కువ నీరు అక్కడ పెద్ద కంపం లేకుండా ఇమిడింది కాబట్టి, ఘనపు మీటర్ల లెక్క ఒక్కటే చూపి భద్రతకు హామీ ఇవ్వడం తగదు.

కంపాల తీవ్రతను బట్టి పంపింగ్ కొనసాగించాలా, తగ్గించాలా, ఆపాలా అని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు హద్దులతో చెప్పే ట్రాఫిక్ సిగ్నల్ పద్ధతి మీద ఇప్పుడు పరిశ్రమకు నమ్మకం ఎక్కువ. ఆ పద్ధతి అవసరమే, కానీ చాలదు. పంపు ఆపినా అప్పటికే చేరిన పీడనం పగుళ్ల వెంట వ్యాపిస్తూనే ఉంటుంది. బాసెల్ కుదుపు పంపింగ్ ఆపిన కొన్ని గంటలకు వచ్చింది. అమెరికాలోని డెన్వర్ దగ్గర 1960లలో సైనిక వ్యర్థజలాలను లోతైన బావిలోకి పంపడం 1966లో ఆపేసినా, పెద్ద కంపాలు 1967లో వచ్చాయి. ఎరుపు దీపం వెలిగేసరికి కంపానికి కావలసిన పీడనం ఇప్పటికే రాతిలో ఉండవచ్చు.

భూఉష్ణశక్తి వద్దని నేను అనను. ఎండతో, గాలితో పని లేకుండా పగలూ రాత్రీ అందే, బొగ్గు మండించనక్కర్లేని శక్తి అది. దాన్ని వదులుకోవడం నష్టమే. అందుకే నిబంధనలు ముందు జాగ్రత్త వైపు మొగ్గాలి. తొలి చుక్క పంపకముందే భ్రంశాలనూ, వాటిపై ఒత్తిడి దిశనూ లెక్కకట్టాలి. కంపాల వివరాలు ఏ రోజుకారోజు ప్రజలకు తెరిచి ఉండాలి. ఆపమనే అధికారం, ఆపితే నష్టపోయే సంస్థ చేతిలో కాకుండా బయటి శాస్త్రజ్ఞుల చేతిలో ఉండాలి.

బాధ్యత గడువు కూడా పంపుతో ముగియకూడదు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర వెండెన్‌హైమ్‌లో 2020 డిసెంబరులో 3.5 దాటిన కంపం రాగానే పని ఆపారు. ఆరు నెలలు గడిచాక, 2021 జూన్ 26న, తీవ్రత 3.9తో నేల మళ్లీ కంపించింది. పరిహార నిధి, పర్యవేక్షణ ఆ చివరి కంపం దాకా కాదు, బావి చుట్టూ పీడనం మామూలు స్థాయికి దిగిందని కొలతలు చూపే దాకా కొనసాగాలని అనుమతి పత్రంలోనే రాయాలి.