కొబ్బరికాయ నిలబడింది, ధ్రువం జరిగింది

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక నోటీసు వచ్చింది. "నీటి ఎద్దడి దృష్ట్యా సెల్లార్‌లో మరో బోరు వేయాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పాయింట్ పెట్టడానికి అనుభవజ్ఞులు ఆదివారం ఉదయం వస్తున్నారు. సభ్యులు కుటుంబ సమేతంగా హాజరు కాగలరు." దాని కింద దండాలు, బొటనవేళ్లు, ఎవరో పొరపాటున పెట్టిన పుట్టినరోజు కేకు. కుటుంబ సమేతంగా అట. బోరు పాయింట్ కూడా గృహప్రవేశం స్థాయికి వచ్చేసింది, టిఫిన్లు కూడా పెడుతున్నారు.

నవ్వేవాళ్లు నవ్వండి గానీ ఇది చిన్న విషయం కాదు. 2023 జూన్‌లో జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్ అనే పత్రికలో సియోల్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన కీ వియాన్ సియో బృందం ఒక పరిశోధన వేసింది. 1993 నుంచి 2010 దాకా మనుషులు నేల కింద నుంచి తోడేసిన నీళ్లు సుమారు 2,150 గిగాటన్నులని అందులో అంచనా. మన లెక్కలో 2 లక్షల 15 వేల కోట్ల టన్నులు. (లక్షల కోట్లు అనగానే ఏ కార్పొరేషన్ అప్పో అనుకోకండి, నీళ్లే.) అంత బరువు ఒకచోట నుంచి లేచి, చివరికి సముద్రంలో చేరేసరికి సముద్ర మట్టం 6 మిల్లీమీటర్ల పైచిలుకు పెరిగింది, భూమి తిరిగే ధ్రువం, అంటే దాని ఇరుసు కొస, ఏడాదికి 4.36 సెంటీమీటర్ల చొప్పున తూర్పుకు జరుగుతూ దాదాపు 80 సెంటీమీటర్లు పోయింది. మంచు కరిగిన లెక్క కట్టారు, డ్యాముల్లో నిలిపిన నీళ్ల లెక్క కట్టారు, అయినా ధ్రువం అసలు జరిగిన దారికి పొంతన కుదరలేదు. తోడిన నీళ్లు కూడా కలిపాకే కుదిరింది. కంగారు పడకండి, ధ్రువం ఏడాదిలో ఎలాగూ కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, దీనివల్ల రుతువులు మారిపోవు, మీ సంక్రాంతి సెలవులకు ఢోకా లేదు.

నిలబడడానికి చోటు, చేతికో పొడవాటి కర్ర ఇస్తే భూమిని కదిలిస్తానన్నాడట ఆర్కిమెడిస్. పాపం, అంత హంగామా అక్కర్లేదు, విజిటర్స్ పార్కింగ్‌లో ఆరున్నర అంగుళాల చోటు చాలు.

ఇందులో నా బాధల్లా ఒక్కటే. ధ్రువాన్ని ఎక్కువగా జరిపిన ఘనత ఉత్తర అమెరికా పడమటి భాగానికీ మన దేశపు వాయవ్య ప్రాంతానికీ పోయింది, అంటే పంజాబ్, హర్యానా వైపు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం, ఇందులో మన వాటా ఎంతో ఏ పార్టీ అయినా అడిగిందా? కూకట్‌పల్లి, మాదాపూర్, మణికొండల్లో వెయ్యి అడుగులు దాటడం మామూలైపోయి, ఇంకా లోతుకు దించుతున్న జాతి మనది. మీ రాతిలో నీళ్లే లేవు, ఇక వాటా ఎక్కడిదని శాస్త్రవేత్తలు అడగొచ్చు. శ్రమకు విలువ లేదా అండీ?

శాస్త్రవేత్తలంటే గుర్తొచ్చింది, వాళ్లు ఎక్కడో సియోల్‌లోనే లేరు. 2002లో పైకి పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద నేలలో నీళ్లు తగ్గి బరువు తగ్గితే ఆకర్షణ కూడా అంత తగ్గుతుంది, వాటి మధ్య దూరంలో వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి ఎన్ని నీళ్లు పోయాయో లెక్క తేలుస్తారు. అలా 2002 నుంచి 2008 దాకా ఉత్తర భారతం, దాని చుట్టుపక్కల ప్రాంతాలు కలిసి ఏటా సుమారు 54 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోగొట్టుకున్నాయని 2009లో తేల్చిన పరిశోధనలో మొదటి పేరు వి.ఎం. తివారీది. ఆయన పనిచేసింది మన ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐలో, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో. 1961 నుంచి ఉన్న సంస్థ. మనకు మాత్రం ఎన్‌జీఆర్‌ఐ అంటే హబ్సిగూడ తర్వాత వచ్చే మెట్రో స్టేషన్. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, మనం ఉప్పల్ వెళ్లిపోతాం.

మా కమిటీ నమ్మకం వేరేచోట ఉంది. ఆదివారం పాయింట్ పెట్టే ఆయన యాక్టివా మీద వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, డిక్కీలో పరికరం. పరికరం అంటే పీచు తీసి పిలక ఉంచిన కొబ్బరికాయ, కింద నీళ్లుంటే అరచేతిలో లేచి నిలబడుతుందట. ముందు ట్రెజరర్ గారు ఆయన అర్హతలు పరీక్షించారు, "మీ బ్లడ్ గ్రూపు?" అని. "ఓ పాజిటివ్ సార్" అన్నాడాయన, ఐఐటీ ర్యాంకు చెప్పినంత నిబ్బరంగా. ఓ పాజిటివ్ వాళ్ల చేతిలోనే కాయ లేస్తుందని అందరికీ తెలుసు కదా, బి పాజిటివ్ వాళ్లంతా కాస్త చిన్నబుచ్చుకుని వెనక్కి జరిగారు. గచ్చిబౌలిలో ఏఐ మోడళ్లు తయారుచేసే కుర్రాడు ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తూ "అక్యురసీ ఎంత ఉంటుందండీ?" అని అడిగాడు. తొంభై శాతం అన్నాడు. మిగతా పది? "అది మీ అదృష్టం బాబూ." కుర్రాడు తలూపాడు, వాళ్ల ఆఫీసులో కూడా క్లయింటుకు ఇదే చెబుతారేమో.

తర్వాత ఆయన కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని నడక మొదలుపెట్టాడు, వెనక కమిటీ, కమిటీ వెనక పిల్లలు, పిల్లల వెనక ప్లేట్లతో మిగతావాళ్లు. ప్రెసిడెంట్ గారి కారు దగ్గర కాయ కాస్త కదిలింది. ప్రెసిడెంట్ గారు దగ్గారు. కాయ పడుకుంది. సెక్రటరీ గారి స్లాటులో మళ్లీ తల ఎత్తబోయింది, "అక్కడ బీమ్ ఉందండీ" అన్నారాయన, కాయకు ఇంజనీరింగ్ కూడా వచ్చనుకుంటా, వెంటనే సర్దుకుంది. అలా సెల్లార్ అంతా తిరిగి తిరిగి చివరికి ఎక్కడ నిటారుగా లేచి నిలబడిందంటే, వాచ్‌మన్ నర్సింహ సైకిల్ పెట్టుకుని బట్టలు ఆరేసుకునే మూలలో. అందరూ చప్పట్లు. బి బ్లాక్ ఆంటీ ఫోన్ తీసి దిక్కులు చూసి "ఈశాన్యమే!" అని కళ్లొత్తుకున్నారు. చూడండి మరి, ఇక్కడి గ్రానైట్ 250 కోట్ల ఏళ్ల కిందట గట్టిపడేటప్పుడే, ఫలానా కాలంలో ఫలానా బిల్డర్ వస్తాడు, సెట్‌బ్యాక్ కూడా వదలకుండా కడతాడు, వాళ్లకు ఈశాన్యంలోనే ఒక పగులు ఉంచుదామని ఎంత ముందుచూపుతో ఆలోచించిందో. ఎన్ని అడుగులు అని అడిగితే ఆయన కళ్లు మూసుకుని "పదకొండు వందల యాభై దగ్గర గంగమ్మ ఉంది" అన్నాడు. ఫీజు తీసుకున్నాడు, కాయ కొట్టాడు, ముక్కలు పంచాడు. కొలత అయిపోగానే పరికరాన్ని పగలగొట్టి ప్రసాదం పెట్టే శాస్త్రం ప్రపంచంలో ఇదొక్కటే.

మహేశ్వరం మన శివారే. అక్కడ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి బోర్లు వేసి, కొలిచి, ఈ గ్రానైట్ నేలలో నీళ్లు ఎక్కడ ఉంటాయో తేల్చారు. పైన శిథిలమైన మెత్తటి పొర, దాని కింద పగుళ్ల పొర, దాదాపు నీళ్లన్నీ ఈ రెంటిలోనే. ఆ కింద ఉన్నది రుబ్బురోలు. ఎక్కడో ఒక లోతైన పగులు తగిలితే తగలొచ్చు, తగిలినా అందులోకి నీళ్లు దిగాల్సింది పై నుంచే, ఆ పైవాటిని మనం ఎప్పుడో తోడి కార్లు కడిగేశాం. ఈ సంగతి మీటింగ్‌లో చెబితే "సార్, థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు" అన్నారు. ప్రాక్టికల్ అంటే కొబ్బరికాయ.

ప్రాక్టికల్‌గా తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు బండి వచ్చింది. రాత్రంతా కంప్రెషర్ రొద, తెల్లారేసరికి కార్ల మీద, తులసికోట మీద తెల్లటి దుమ్ము. లోతు పెరిగే కొద్దీ అడుగుకు రేటు పెరుగుతుంది, కాబట్టి బండి మేస్త్రీకి నిరాశ అనేది ఉండదు, పదకొండు వందల యాభై దాటాక కూడా "ఇంకో రాడ్ దించమంటారా సార్?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇంత దూరం వచ్చాక ఆగుతామా? చివరికి ఎక్కడో దుమ్ము కాస్త బురదగా మారింది. ఆ బురద ఫొటో గ్రూపులో పెట్టి "గంగమ్మ తల్లికి జై" అన్నారు. ఇంచుకు తక్కువ ధార, అదీ ఆగి ఆగి. లోతు రాతి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందనే సంగతి నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిపోయిన వెన్నులు చూసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాకేం, ఆర్‌ఓ ఉంది. శుద్ధి అయ్యాక మిగిలే నీళ్లు డ్రైనేజీలో కలుస్తాయి.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ రాశాను. మా గోడ వెనక బస్తీ ఉంది. అక్కడ ఒక బోరింగు ఉండేది, పిల్లలు కూడా కొట్టుకుని నీళ్లు పట్టుకునేవాళ్లు. మా టవర్లు లేచి, ఒకదాని తర్వాత ఒకటి బోర్లు దిగాక అది గాలి కక్కింది. అప్పటి నుంచి బస్తీ ఆడవాళ్లు మా గేటు పక్కనున్న నల్లా దగ్గరకు వచ్చి బిందె పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లలో నర్సింహ చెల్లెలు యాదమ్మ ఒకరు, మా ఫ్లాట్లలోనే అంట్లు తోముతుంది. పోయిన మీటింగ్ ఎజెండాలో "బయటి వ్యక్తులచే నీటి దుర్వినియోగం" అని ఒక అంశం పెట్టి నల్లాకు తాళం వేయించారు. తాళం చెవి నర్సింహ దగ్గరే ఉంచారు. అంటే సొంత చెల్లెలికి నీళ్లు లేవని చెప్పడం కూడా ఇప్పుడు ఆయన డ్యూటీలో భాగం. "మా బోరింగు ఎండబెట్టిందే మీరు గద సార్" అని యాదమ్మ గేటు దగ్గర అంటే, "మాట తీరు బాగాలేదు" అని గ్రూపులో పెట్టారు. సిగ్గు లేదా? ప్రతి ఉదయం పైపు పట్టుకుని ఎస్‌యూవీ చక్రాల సందులు కూడా కడిగించుకునేవాళ్లకు ఒక ఆడమనిషి నడుం మీద మోసుకెళ్లే బిందె దుర్వినియోగమా? ఆమె కింద నుంచి నీళ్లు లాగేసింది మనం. తాళం కూడా మనమే వేశాం. మళ్లీ మాట తీరు!

సరే, లెక్కకు వస్తాను. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల డాబా ఉంటే దాని మీద పడేది 8 లక్షల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే 160 ట్యాంకర్లు. సగం ఆవిరైనా, పొంగిపోయినా 80 ట్యాంకర్లు మిగులుతాయి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం నుంచి మొదలుపెట్టి వాన నీళ్లు ఇంకించమని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. మా డాబా నీళ్లు మాత్రం పైపుల్లో నుంచి నేరుగా నాలాలోకి పోతాయి, వానాకాలంలో ఆ నాలా పొంగి బస్తీలోకి పోతుంది. అంటే ఎండాకాలం వాళ్లకు బిందె నీళ్లు ఇవ్వం, వానాకాలం మోకాలి లోతు పంపిస్తాం.

ఇంకుడు గుంత లేదా అని మీటింగ్‌లో అడిగాను. ఎందుకు లేదు, ప్లాన్‌లో ఉంది, ఫొటో కూడా ఉంది. నేల మీద ఎక్కడుందని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి తేలిందేమిటంటే, అనుమతులన్నీ వచ్చాక బిల్డర్ దాని మీద టైల్స్ పరిచి అదనపు పార్కింగ్ కింద అమ్మేశాడు. కొన్నది ప్రెసిడెంట్ గారు. టైల్స్ తీసి గుంత తెరుద్దాం, గేటు నల్లా తాళం తీద్దాం అని ప్రతిపాదించాను. "అది నేను డబ్బిచ్చి కొన్న స్లాటండీ, అవసరమైతే కోర్టుకు వెళ్తాను" అన్నారాయన. ఓటింగ్ పెట్టారు. నాకు వచ్చినవి రెండు ఓట్లు, ఒకటి నాది, ఇంకొకటి మూడో అంతస్తులో అద్దెకుండే కుర్రాడిది. అద్దెకున్నవాళ్లకు ఓటు లేదని సెక్రటరీ గారు మినిట్స్‌లో రాయించారు.