కాలిన కారూ, కాలని నంబరూ

కాలిఫోర్నియాలోని మాంటెరేలో 2023 ఆగస్టులో ఒక కారు వేలానికొచ్చింది. కారు అని నేననడం లేదు, వేలంవాళ్లు అన్నారు. ఫొటోలో కనిపించింది మాత్రం కాలి, నలిగి, తుప్పు పట్టిన ఇనుమూ అల్యూమినియమూ. ముందేదో వెనకేదో పోల్చుకోవాలంటే అనుభవం కావాలి. దాన్ని 18 లక్షల 75 వేల డాలర్లు పోసి ఎవరో మహానుభావుడు కొనుక్కున్నాడు. అప్పటి మారకంలో 15 కోట్ల రూపాయల పైమాట. పాత కార్ల భక్తులంతా గుండెల మీద చేతులు వేసుకుని, హమ్మయ్య, ఒక చరిత్రను కాపాడారు అన్నారు.

ఒళ్లు మండేది ఇక్కడే. ఏం మిగిలుందని కాపాడారండీ?

వంశం గొప్పదే, కాదనను. 1954 నాటి ఫెరారీ 500 మొండియాల్. మొండియాల్ అంటే ప్రపంచపు అని. ఫెరారీ రేసర్ ఆల్బెర్టో ఆస్కారి 1952లోనూ 1953లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడన్న సంబరంలో పెట్టిన పేరది. ఔరేలియో లాంప్రెది గీసిన రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. పైన పినిన్ ఫరీనా వారు చేసిన బాడీ. టాపు లేని ఆ తరహావి వాళ్లు చేసినవే 13. నడిపినవాడు ఫ్రాంకో కోర్తేసె. ఆషామాషీ మనిషి కాదు, 1947లో రోమ్‌లో ఫెరారీ కంపెనీకి మొట్టమొదటి గెలుపు తెచ్చిపెట్టినవాడు. ఈ బండి వేసుకుని 1954లో మిల్లె మిలియా అనే రేసులో దిగాడు. ఇటలీలోని బ్రెషాలో బయల్దేరి, రోమ్ దాకా పోయి, మళ్లీ బ్రెషా చేరాలి. మామూలు జనం తిరిగే రోడ్ల మీద సుమారు 1600 కిలోమీటర్లు. పద్నాలుగో స్థానం వచ్చింది. పద్నాలుగో స్థానానికి, అదీ కాలిపోయాక, 15 కోట్లు. మొదటి స్థానం వచ్చి కాలకుండా ఉండుంటే ఓ చిన్న దేశాన్ని తాకట్టు పెట్టాల్సొచ్చేది.

తరవాతి కథ మామూలే. 1958లో అమెరికా చేరింది. 1960ల్లో రేసులో గుద్దుకుని తగలబడింది. 1978లో ఓ సేకర్త చేతికొచ్చింది. ఆయన దాన్ని అలాగే ఉంచాడు. అలాగే అంటే అలాగే. ఫ్లోరిడాలో ఆయన కార్లున్న కొట్టం మీద 2004లో చార్లీ తుఫాను విరుచుకుపడి కప్పు కూల్చింది. అప్పుడూ దీని జోలికి ఎవరూ పోలేదు. మొత్తం 45 ఏళ్లు ఏ పనీ చెయ్యకుండా ఉన్నందుకు అంత గిట్టుబాటు అయిన మనిషి మరొకడు లేడు. మా ఊళ్లో ఏ పనీ చెయ్యనివాళ్లు చాలామందే ఉన్నారు, ఒక్కరికీ డాలరు రాలేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొన్న ప్రతివాడికీ తెలిసిన తంతు ఒకటుంది. బానెట్ ఎత్తి, గ్రీజు తుడిచి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతాం. ఆ కాగితం ఫైల్లో పెట్టి, బండి వేసుకుని ఇంటికి పోతాం. మాంటెరే పెద్దమనిషి ఫైల్లో పెట్టాల్సింది 15 కోట్లకు కొని, బండి తరవాత చేయించుకుంటాడు. ఎందుకంటే ఆ కుప్పలో నిజంగా బతికున్నది 0406 ఎండీ అనే నంబరే. గేర్‌బాక్సు సొంతదేనని నొక్కి చెప్పారు, సంతోషం. ఇంజను మాత్రం దానిది కాదు. 750 మోంజా అనే మరో ఫెరారీ తరహా మూడు లీటర్లది తెచ్చి జతచేశారు.

దీన్ని పొరపాటున మన ఆర్టీవో ఆఫీసుకి తోలుకొస్తే? 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తామని మన కేంద్రం 2021లో రూల్సు పెట్టింది. షరతేమంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌నో బాడీనో ఇంజన్నో పెద్ద ఎత్తున మార్చి ఉండకూడదు. కిటికీ వెనక గుమస్తా కళ్లజోడు సర్దుకుని, "ఇందులో పాతదేంటి సార్?" అని అడుగుతాడు. ప్రపంచంలోని కార్ల పండితులెవరికీ రాని ప్రశ్న అది.

ఇక ఉద్ధరణ కార్యక్రమం. ఆ వర్క్‌షాపు నేను చూడలేదు గానీ ఊహించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టె విప్పుతారు. నలుగురు చేరతారు: ఇంజినీరు, చరిత్రకారుడు, యజమాని తరఫు లాయరు, వీళ్లందరికీ కాఫీ తెచ్చే కుర్రాడు. తెల్ల గ్లవుజులు వేసుకుని ఒక్కో ముక్కా బయటికి తీస్తారు. కరిగి గడ్డకట్టిన అల్యూమినియం ఉండ ఒకటొస్తుంది. ఇది హెడ్‌లైటు గూడు అంటాడు ఇంజినీరు. కాదు, డ్యాష్‌బోర్డు అంటాడు చరిత్రకారుడు, 1954 నాటి మసక ఫొటో భూతద్దంలో చూపిస్తూ. ఏదైనా సరే అది అసలుదని మాత్రం రాయండి అంటాడు లాయరు. మధ్యాహ్నానికి బాడీ పనికిరాదని తేలుతుంది. సాయంత్రానికి ఫ్రేము గొట్టాలు పనికిరావని తేలుతుంది, రెండడుగుల ముక్క తప్ప. ఆ రెండడుగుల్ని పసిబిడ్డలా పట్టుకుని అందరూ ఒక నిమిషం మౌనం పాటిస్తారు. తక్కినదంతా కొత్తగా చెయ్యాలి. ఫొటోలో కుడి రెక్క మీద ఒక సొట్ట కనిపిస్తుంది. కోర్తేసె కొట్టించిన సొట్టా, ఫొటో మీద పడిన మరకా? మూడు వారాల చర్చ. చివరికి సొట్టే అని తీర్మానించి, కొత్త రెక్క మీద కొత్త సొట్ట చారిత్రక ప్రమాణాలతో పెట్టిస్తారు. ఈ గొడవలో ఛాసిస్ నంబరున్న రేకు ముక్క బల్ల మీంచి జారి చెత్తబుట్టలో పడుతుంది. రాత్రి ఊడ్చే ఆవిడ బుట్ట పట్టుకుపోతుంది. మర్నాడు పొద్దున కొత్త బాడీ, కొత్త ఫ్రేము, కొత్త సొట్ట అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కారు మాత్రం లేదు! లాయరుకి గుండెపోటు. కుర్రాడు మునిసిపాలిటీ బండి వెనక పరిగెత్తి, గుడ్డు పెంకుల మధ్యలోంచి 15 కోట్లు వెతికి తెస్తాడు.

నవ్వులాటగా ఉందా? 2015లో పారిస్‌లో ఒక ఫెరారీని దశాబ్దాల దుమ్ము దులపకుండా జనానికి చూపించి కోటీ 60 లక్షల యూరోలకు పైగా అమ్మారు. దుమ్ము తుడిస్తే ధర తగ్గుతుందని భయం. నేను చెప్పిన చెత్తబుట్ట కథ అంతకంటే గౌరవంగానే ఉంది.

ఈ భక్తినంతా చూస్తే ముందుగా అవతలికి పొమ్మనేవాడు కంపెనీ పెట్టిన ఎన్జో ఫెరారీయే. ఆయన లెక్కలో నిన్నటి రేసు కారు రేపటి కారుకి ముడిసరుకు. కోర్తేసె తొలి రేసు గెలిచిన 125 ఎస్ బండ్లనే విప్పించేశాడు. 1961లో ఫిల్ హిల్‌ని ప్రపంచ చాంపియన్ చేసిన, సొరచేప ముక్కులాంటి ముందు భాగమున్న 156 కార్లు తెలుసుగా? పని అయిపోగానే తుక్కు కింద వేశాడు, అసలువి ఒక్కటీ మిగల్లేదు. కన్నతండ్రి తుక్కన్నదాన్ని మనం పూజగదిలో పెట్టుకుంటున్నాం.

మరి ఈ పూజకు విగ్రహం చెక్కేదెవరు? ఇటలీలో మోదెనా అనే ఊరి చుట్టుపక్కల బత్తిలాస్త్రా అనే పనివాళ్లుంటారు. మన టింకరింగ్ మేస్త్రీల అన్నదమ్ములు. అల్యూమినియం రేకుని ఇసక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టి, తిప్పి కొట్టి, కళ్లతో కాదు అరచేత్తో తడిమి, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో పట్టేస్తారు. చదును రేకు మెల్లగా వీపు తిరుగుతుంది. 1954లో మొదటి బాడీ కొట్టినవాడికి ఒక వెసులుబాటు ఉండేది: ఎడమ రెక్క కుడిదాని కంటే రవ్వంత తేడా వచ్చినా అడిగేవాడు లేడు. ఇవాళ కొట్టేవాడికి ఆ స్వేచ్ఛ కూడా లేదు. మొదటివాడి తప్పుల్ని కూడా తప్పు లేకుండా కొట్టాలి. మొదటివాడి కంటే ఇతనికే ఎక్కువ విద్య కావాలి.

అతనికిచ్చే మర్యాద ఏంటో చూడండి. 2019లో బొలోన్యా కోర్టు ఫెరారీ 250 జీటీఓ ఒక కళాఖండమని, వేరేవాళ్లు దాని నకళ్లు చెయ్యకూడదని చెప్పింది. మోదెనాలోనే ఒక సంస్థ నకళ్లు చేద్దామని చూసింది మరి. అంతకు ముందటి ఏడాది అదే మాంటెరేలో ఆ మోడల్ కారు ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. కళాఖండమే, ఒప్పుకుంటా. కళాఖండమైతే కళాకారుడేడీ? అదే ఊరు, అదే రేకు, అదే సుత్తి, అవే చేతులు. నంబరు లేకుండా కొడితే కోర్టుకెక్కుతారు. కాలిన గొట్టం ముక్క ఒకటి మధ్యలో అతికించి కొడితే చరిత్రను కాపాడినట్టు! అప్పుడూ కాపాడినవాడు డబ్బు కట్టినవాడే. నెలల తరబడి సుత్తి పట్టి బండికి ఒళ్లిచ్చినవాడు మాత్రం పేరెత్తకూడదు. ఎత్తితే ఒళ్లు కొత్తదని బయటపడుతుంది, ధర పడిపోతుంది. పని అతనిదే కావాలి, పని చేసినట్టు మాత్రం కనబడకూడదు. ఇంత సిగ్గులేని బేరాన్ని సంస్కృతి అని పిలుస్తున్నారు. తగలబడి, తుఫానులో నాని, 45 ఏళ్లు పడున్న ఇనుముకి వంశవృక్షం రాస్తారు. దానికి ప్రాణం పోసే మనిషికి మాత్రం కూలీ లెక్క రాస్తారు. థూ!

సరే, కోపం పక్కన పెడదాం. బండి తయారవుతుంది. ఎర్రగా మెరుస్తుంది. ఇప్పటికీ ఏటా బ్రెషాలో పాత కార్ల మిల్లె మిలియా జరుగుతుంది కాబట్టి అక్కడికీ వెళ్తుంది. ఆ రోజుల్లో తలుపు మీద వేసే అంకె బండి బయల్దేరే వేళ, గంటలూ నిమిషాలూ. అదీ పాత ఫొటో చూసే వేయిస్తారు. పెయింటరు చెయ్యి తిరిగినవాడు, చక్కగా వేసుకుపోతుంటే చరిత్రకారుడు పరిగెత్తుకొస్తాడు: "ఆపవయ్యా ఆపు! అంత నిటారుగా వేస్తే ఎలా? 1954లో వేసినవాడు వంకరగా వేశాడు, తుడిచి మళ్లీ వెయ్యి."