వెలిగే ద్రవం ఎక్కడో చెబుతుంది, ఎంతో చెప్పదు

2005లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ రోగికి వరసగా మూడు రోజులు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ పడింది. కిరణాన్ని కణితి ఆకారానికి మలచాల్సిన లోహపు పలకలు కంప్యూటర్ తేడా వల్ల బార్లా తెరుచుకుని ఉండిపోయాయి. చికిత్స ప్లాన్‌ను యంత్రం మీద సరిచూసే పరీక్ష జరిగింది, కానీ మూడో రోజు చికిత్స అయిపోయాక.

ఆ పరీక్షను ముందే చేయడం ఒక సమస్య, దేనితో చేయాలన్నది మరొకటి. రేడియేషన్ మోతాదును కొలిచే పరికరం అయాన్ ఛాంబర్ కచ్చితమైనదే, కానీ ఒక్క బిందువు దగ్గరే కొలుస్తుంది. ఫిల్మ్ ఒక తలాన్ని చూపిస్తుంది. రంగు స్థిరపడేదాకా, సాధారణంగా మర్నాటిదాకా, ఆగి స్కాన్ చేయాలి. రేడియేషన్ పడిన చోట మారిపోయే పాలిమర్ జెల్ మూడు దిశల్లోనూ చూపిస్తుంది గానీ దాన్ని చదవడానికి ఎంఆర్‌ఐ లాంటి యంత్రం కావాలి, పైగా ఒకసారి వాడితే పారేయడమే. ఈ తనిఖీ ఎందుకు ముఖ్యమంటే, అమెరికాలో క్లినికల్ ట్రయల్స్‌కు ముందు తల, మెడ నమూనా బొమ్మతో ఆసుపత్రులను పరీక్షించినప్పుడు 250 ప్రయత్నాల్లో 71 గట్టెక్కలేదు. అప్పుడు పెట్టిన హద్దులు మోతాదులో 7 శాతం, చోటులో 4 మిల్లీమీటర్ల తేడా. అంత ఉదారమైన హద్దులు పెట్టినా!

కొలత సాధనాల్లోని ఈ లోటు పూడ్చడానికే రేడియేషన్ తగలగానే వెలిగే ద్రవాలు, అంటే లిక్విడ్ సింటిలేటర్లు ఈ పనిలోకి వచ్చాయి. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో శామ్ బెడ్డార్ బృందం వీటిపై చాలాకాలంగా పనిచేస్తోంది. వెలుతురు చొరబడని పెట్టెలో అక్రిలిక్ తొట్టి, దాని నిండా ద్రవం, బయట కెమెరా. ప్రోటాన్ కిరణం (ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలతో చేసే చికిత్సలో వాడేది) లోపలికి దూరగానే సన్నటి నీలిగీత వెలిగి, ఆగిపోయే చోట మరింత ప్రకాశిస్తుంది. ద్రవం నానోసెకన్లలోనే స్పందిస్తుంది కాబట్టి మిల్లీసెకన్లలో చోటు మార్చే స్కానింగ్ కిరణాన్ని కూడా చుక్కచుక్కగా పట్టుకోవచ్చు. ఫొటో అంటే ముందూ వెనకా వెలుగంతా కలిసిపోయిన బొమ్మే కనుక, లోతు తెలియాలంటే పక్కనుంచి ఇంకో కెమెరా పెట్టాలి. సన్నటి ప్రోటాన్ చుక్కకు ఇది సరిపోతుంది. నలువైపుల నుంచీ తిరుగుతూ వచ్చే ఎక్స్‌రే చికిత్సకు మాత్రం పని చాలా కష్టమవుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ప్రోటాన్లు ఆగే ముందు శక్తిని చాలా ఇరుకు చోట కుమ్మరిస్తాయి. అక్కడ మోతాదు పెరిగినంతగా వెలుగు పెరగదు. దీన్నే క్వెంచింగ్ అంటారు. శక్తి సాంద్రతను బట్టి వెలుగు ఎంత తగ్గుతుందో చెప్పే బిర్క్స్ సూత్రంతో సరిదిద్దవచ్చు. దానికి ప్రోటాన్ ఏ లోతులో ఎంత సాంద్రంగా శక్తి వదిలిందో తెలియాలి, అది సాధారణంగా కంప్యూటర్ సిమ్యులేషన్ నుంచే వస్తుంది. అంటే లెక్కను సరిచూడటానికి ఇంకో లెక్క మీద ఆధారపడుతున్నాం! అదీ మోతాదు శిఖరానికి చేరే చోట, కొలత గట్టిగా ఉండాల్సిన చోటే.

అలాగని ఈ తొట్టిని పక్కన పెట్టమనడం లేదు. ప్రోటాన్ చికిత్సలో పెద్ద భయం కిరణం ఎక్కడ ఆగుతుందన్నదే: కొన్ని మిల్లీమీటర్లు దాటితే వెన్నుపాము, తగ్గితే మిగిలిపోయిన కణితి. ఆ హద్దును, చుక్క చోటును ద్రవం చకచకా చూపిస్తుంది. మన దేశంలో ప్రోటాన్ చికిత్స 2019లో చెన్నై అపోలోలో మొదలైంది, తర్వాత నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో ఉన్న టాటా మెమోరియల్‌కు చేరింది. ఇలాంటి కేంద్రాలు రోజువారీ హద్దు తనిఖీకి తొట్టిని వాడుకోవచ్చు. ఎన్ని గ్రేల (రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదు పడిందన్న సంతకం మాత్రం అయాన్ ఛాంబర్ చూశాకే పెట్టాలి.