బరంపురానికి ఒలింపిక్స్ రావాల్సిందే

గేట్ బజార్ దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఒలింపిక్ వలయాలు ఆరున్నాయి. మీరూ చూసే ఉంటారు. చూడకుండా తప్పించుకునే సైజు కాదది. "2036 ఒలింపిక్స్ బరంపురం హక్కు" అని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించి, కింద ఇరవై రెండు మొహాలు అచ్చు కొట్టించి, పైన ఆరు వలయాలు వేయించారు. ఆ ఇరవై రెండింటిలో ఆటగాడి మొహం ఒక్కటీ లేదు. కుడివైపు మూలన నీరజ్ చోప్రా ఉన్నాడు గానీ, ఈ ఫ్లెక్సీ కట్టించిన ఒలింపిక్స్ సాధన సమితి కోశాధికారి భుజం అడ్డొచ్చి అతని చేతిలో ఈటె కనబడదు. ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుంది.

సమితి పేరు రాయను. రాస్తే ఈ వ్యాసాన్ని ఫ్రేము కట్టించుకుంటారు.

ఆధునిక ఒలింపిక్స్‌కి ఆద్యుడైన కూబెర్తాన్ దొర 1913లో ఐదు వలయాలు గీశాడు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో ఆ జెండా ఎగిరింది. ఆ తరవాత ఎన్ని దేశాలు విడిపోయాయి, ఎన్ని కలిశాయి, సోవియట్ యూనియన్ అంతటిది లేకుండా పోయింది. ఇన్నేళ్ళలో ఆరో వలయం అవసరం ఎవరికీ రాలేదు, మనకొచ్చింది. ఐదు ఖండాలకు ఐదు, బాగానే ఉంది, మరి ఆరోది ఎవరిదండీ అని సమితివారిని అడిగాను. ఒకాయన గంజాం జిల్లాదన్నారు. ఇంకొకాయన విశ్వమానవ సౌభ్రాతృత్వానిదన్నారు. అధ్యక్షులవారు చాలాసేపు ఆలోచించి, అది క్రికెట్‌ది అన్నారు. ఫ్లెక్సీ షాపు కుర్రాడొక్కడే నిజం చెప్పాడు: "జాగా మిగిలిపోయింది సార్."

నేను ఒలింపిక్స్‌కి వ్యతిరేకిని కాను. సమితి తయారుచేసిన వినతిపత్రం మొత్తం చదివాను. అందులోని వాదనలకు స్విట్జర్లాండ్‌లో, లోసాన్‌లో కూర్చున్న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పెద్దలు ఏం జవాబు చెబుతారో నాకూ తెలియడం లేదు. మొదటి వాదన అక్షరానిది. 1936లో బెర్లిన్, 1992లో బార్సిలోనా, 2008లో బీజింగ్, 2032లో బ్రిస్బేన్. అన్నీ ఆ ఒక్క అక్షరంతోనే మొదలయ్యాయి కాబట్టి తరవాతది బరంపురమే. ఊరి పేరు బ్రహ్మపుర అని మార్చినా ఆ అక్షరం మారలేదు, అదీ దైవసంకల్పమేనట. రెండో వాదన ఇంకా గట్టిది. 1936 ఏప్రిల్ 1న మన గంజాం మద్రాసు నుంచి ఊడి ఒడిశాలో కలిసింది. అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్‌లో ఆటలు. 2036కి ఆ రెండింటికీ నూరేళ్ళు. ఇంత స్పష్టంగా లెక్క కుదిరాక ఇంకా పోటీ ఎందుకని వారి ప్రశ్న. మూడోది, వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. దేశానికి రాష్ట్రపతిని ఇచ్చిన ఊరికి పదిహేను రోజుల ఆటలు ఇవ్వలేరా?

మన దేశం తరఫున 2036కి ఆసక్తి తెలుపుతూ భారత ఒలింపిక్ సంఘం 2024 అక్టోబరులోనే ఉత్తరం రాసిందనీ, ముందున్న పేరు అహ్మదాబాద్ అనీ, 2030 కామన్వెల్త్ క్రీడలు కూడా ఆ ఊరికే దక్కాయనీ నేను గుర్తుచేశాను. వారు చలించలేదు. "అహ్మదాబాద్‌కి సముద్రముందా?" అన్నారు. మనకు గోపాలపురం ఉంది. తెరచాప పడవల పోటీలు అక్కడే. గాలి సంగతి అడిగితే, 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను తీరం దాటడానికి ఎంచుకున్నది కూడా గోపాలపురాన్నేనని జవాబు. అంతటి అతిథిని చూసుకున్న ఊరికి ఆతిథ్యంలో అనుభవం లేదని ఎవరనగలరు?

హోటల్ గదుల బెంగ కూడా తీరింది. ఒలింపిక్స్ అంటే నలభై వేల గదుల దాకా అడుగుతారు. సమితివారు ఊళ్ళో కల్యాణ మండపాలు లెక్కపెట్టారు, సరిపోలేదు. 2011 లెక్కల్లోనే మన జనాభా మూడున్నర లక్షలు దాటింది కాబట్టి ఇంటికొక విదేశీయుణ్ణి సర్దుకుందాం అని తీర్మానించారు. కొర్టుపేటకు స్వీడన్, లంజిపల్లికి బ్రెజిల్. ఈతకొలను గురించి నేను రాయను. మే నెలలో ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడేవాళ్ళు రాస్తారు.

డబ్బు మాట ఎత్తితే మాత్రం సమితిలో నాకు శత్రువులు తయారవుతున్నారు. మాంట్రియల్ మేయరు ఒకాయన, మగాడు బిడ్డను కనడం ఎంత అసాధ్యమో ఒలింపిక్స్‌కి నష్టం రావడం అంత అసాధ్యం అన్నాడు. 1976లో ఆటలు ముగిశాయి. ఆ అప్పు తీరింది 2006లో. ముప్ఫై ఏళ్ళు ఆ ఊరివాళ్ళు బిడ్డను పెంచారు, పొగాకు పన్నుతో సహా. అదే 1976లో శీతాకాలపు ఆటలు డెన్వర్‌కి ఇస్తే, ఆ రాష్ట్రం జనం 1972లో ఓటేసి మాకొద్దు పొమ్మన్నారు. లాభం చూపించిన ఊరు లాస్ ఏంజెలెస్, 1984లో. దానికి ముఖ్య కారణం వాళ్ళు కొత్తవి కట్టకుండా 1932 ఆటలు జరిగిన పాత స్టేడియాన్నే మళ్ళీ వాడుకోవడం. ఇదంతా చెబితే కోశాధికారి, "అయితే మనమూ పాతదే వాడదాం" అన్నారు. ఏ పాతది అని అడిగితే మీటింగు వాయిదా పడింది.

వినతిపత్రంలో ఆటల గురించి అరపేజీ ఉంది. సన్మానాల గురించి నాలుగు పేజీలుంది. ఈ నాలుగు పేజీలూ చదివాక నాకు నూరు మీటర్ల ఫైనల్ కళ్ళకు కట్టింది.

పరుగు సాయంత్రం నాలుగింటికని కార్డులో వేశారు. ఎనిమిది మందీ నాలుగుకే వచ్చి గీత దగ్గర వంగారు. ముఖ్య అతిథి కారు టాటా బెంజ్ చౌక్ దాటిందని ఫోనొచ్చింది. అది దాటిందని ఐదున్నర దాకా ఫోన్లొస్తూనే ఉన్నాయి. యాంకరమ్మ "మరికొద్ది క్షణాల్లో" అని నాలుగు భాషల్లో చెప్పింది. ముందుగా జ్యోతి ప్రజ్వలన. గ్రీసు నుంచి ఆరకుండా వచ్చిన జ్వాల పక్కనే వెలుగుతోంది, అయినా కుందిలో ఒత్తి అగ్గిపుల్లతోనే వెలిగించాలి. గోపాలపురం గాలికి అగ్గిపెట్టె అయిపోయింది. తరవాత పెద్దల్ని వేదిక మీదికి పిలవడం. పెద్దలు ఇరవై రెండు, కుర్చీలు పద్నాలుగు. మిగతా కుర్చీలు రన్నర్ల తలల మీదుగా అందించారు. జమైకా కుర్రాడు లేచి ఒక చెయ్యి వేశాడు, మంచివాడు.

తుపాకీ పేల్చే గౌరవం అధ్యక్షులవారిది. తన పేరు ముందు "ప్రముఖ సమాజ సేవకులు" అనలేదని ఆయన పేల్చనన్నారు. యాంకరమ్మ ఆ మాట అంది, ఆయన పేల్చారు. పది సెకన్లలోపే పరుగు అయిపోయింది. ఆ సమయంలో వేదిక మీదివాళ్ళందరూ ఫోటోగ్రాఫర్ వైపు చూస్తున్నారు. వీడియో అతను బ్యాటరీ మారుస్తున్నాడు. "ఇంకోసారి పరిగెట్టమనండి, రికార్డవలేదు" అన్నారు ఉపాధ్యక్షులు. ఈసారి అమెరికా అతను గెలిచాడు. రెండు ఫలితాల్లో ఏది ఖాయమో తేల్చడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేశారు.

ఇక శాలువాలు. ఖరీదైన బరంపురం పట్టు. మొదట ముఖ్య అతిథికి, తరవాత విశిష్ట అతిథికి, తరవాత ఆత్మీయ అతిథికి, ఆ తరవాత శాలువాల దాతకి, దాత బావమరిదికి, షామియానా ఓనరుకి. రన్నర్ల వంతొచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. కార్యదర్శిగారి భుజం మీదిది తీసి, మడత పెట్టి, మళ్ళీ విప్పి కప్పారు. పతకం రిబ్బను పట్టుకోవడానికి ఇరవై రెండు చేతులొచ్చాయి. మర్నాటి పేపర్లో ఆ ఫోటో రంగుల్లో పడింది. గెలిచినవాడి కుడి చెవి బాగా వచ్చింది.

ఇంతవరకూ బాగుంది. ఇదంతా మన ఖర్చుతో మనం ఆడుకునే నాటకం, ఎవరికీ హాని లేదు. కానీ వినతిపత్రంలో ఏడో పేజీ ఉంది. దాని పేరు నగర సుందరీకరణ.

అందులో రెండు అంశాలు. ఒకటి, పరిశీలక బృందం వచ్చే దారుల్లో తోపుడు బళ్ళు తొలగించి, "అవసరమైన చోట" ఎత్తుగా గుడ్డ కట్టాలట. ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు. 2010 కామన్వెల్త్ ఆటలప్పుడు ఢిల్లీలో మురికివాడలకు వెదురు తడకలు అడ్డం పెట్టాలని చూశారు. 2023లో జీ20కి అదే ఢిల్లీలో పచ్చ గుడ్డలు కట్టారు. రియోలో ఒలింపిక్ పార్కు పక్కనున్న ఒక బస్తీలో వందల కుటుంబాల్ని ఖాళీ చేయిస్తే, పోట్లాడి నిలబడ్డది ఓ ఇరవై కుటుంబాలు. రెండో అంశం, బీచ్ వాలీబాల్ కోసం గోపాలపురంలో తీరం "అందుబాటులోకి తేవడం".

ఆ తీరం ఎవరికి అందుబాటులో లేదు ఇప్పుడు? ఆ ఇసుక మీద పడవలు లాగి వలలు ఆరబెట్టుకునే నోలియాలు ఎవరనుకుంటున్నారు? తెలుగువాళ్ళు. మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగే ఆ గుడిసెల్లోనూ మాట్లాడుతున్నారు. మనం పిల్లలతో షికారుకెళ్ళి కెరటాల్లో తడిసి, ఎవరైనా కొట్టుకుపోతే వాళ్ళు దూకి లాక్కొస్తారు. తుపానొస్తే ముందు పోయేది వాళ్ళ పడవలు. హక్కు అని ఫ్లెక్సీ తెలుగులో కొట్టించారు కదా, వాళ్ళని లేపే నోటీసు ఏ భాషలో ఇస్తారు? ఎండు చేపలమ్మే ఒకావిడతో ఈ ఏడో పేజీ సంగతి చెప్పాను. "ఆటలెన్నాళ్ళు బాబూ?" అంది. పదిహేను, పదహారు రోజులమ్మా అన్నాను. "మరి మమ్మల్ని మళ్ళీ ఎప్పుడు రానిస్తారంట?" అంది. ఆ ప్రశ్నకు ఏ పేజీలోనూ జవాబు లేదు. నేను వెతికాను.

సిగ్గుండాలి. రెండేళ్ళకోసారి బూఢీ ఠాకురాణి యాత్ర చేస్తాం మనం, ఈ ఊళ్ళోనే, నెలకి దగ్గరగా. లక్షల మంది వస్తారు. వేషాలు కట్టినవాడు, మొక్కు తీర్చుకునేవాడు, బజ్జీల బండివాడు, బుడగలమ్మేవాడు, అందరూ ఒకే వీధిలో నడుస్తారు. ఎవరి ముందూ గుడ్డ కట్టం. అమ్మవారికి కనబడకూడని మనిషంటూ ఈ ఊళ్ళో లేడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే నలుగురికి మాత్రం సగం ఊరు కనబడకూడదా?

రౌర్కేలాకి 2023లో హాకీ ప్రపంచకప్ రాలేదా అని సమితివారు ప్రతిసారీ అంటారు. వచ్చింది. పెద్ద స్టేడియమే కట్టారు. కానీ సుందర్‌గఢ్ పల్లెల్లో పిల్లలు ఎప్పటినుంచో వెదురు కర్రలతో ఆడుతున్నారు. ఆ పల్లెల నుంచే వచ్చిన దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్‌లో హాకీ ఆడేశాడు. స్టేడియం ఆ తరవాత వచ్చింది. మన దగ్గర అలాంటిది లేదా? ఉంది. బరువులెత్తడం. కాటూలు రవికుమార్ బరంపురం కుర్రాడే, 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో బంగారు పతకం తెచ్చాడు, 2012లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. రైలెక్కి ఇచ్ఛాపురం, పలాస దాటితే ఆమదాలవలస. అక్కడి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఈ దారిలో ఏ స్టేషన్ దగ్గరా ఎవరూ ఒలింపిక్స్ జరపలేదు. ఎవరో ఒక గదిలో కాస్త ఇనుము పెట్టారు, పిల్లలు ఎత్తారు.

తెల్లవారుజామున నాలుగింటికి హైవే మీదికి ఒకసారి రండి, సమితి పెద్దలూ. లారీల లైట్ల వెలుగులో రోడ్డు అంచున కుర్రాళ్ళు పరిగెడుతూ కనిపిస్తారు. కానిస్టేబుల్ సెలక్షనో, ఆర్మీ సెలక్షనో. అవి తప్పితే సూరత్ వెళ్ళి మగ్గాల మీద కూలిపనే. వాళ్ళకి ఒలింపిక్స్ అక్కర్లేదు. లారీ గుద్దకుండా పరిగెత్తడానికి నాలుగొందల మీటర్ల చదును నేల, చుట్టూ నాలుగు లైట్లు కావాలి. ఆ ఫ్లెక్సీ డబ్బులతో రెండు లైట్లొచ్చేవి.

ఇదే విషయం రాసి సమితికి స్పీడ్ పోస్టులో పంపాను. వారంలో జవాబొచ్చింది. నా అమూల్యమైన సూచనలు పరిశీలనలో ఉన్నాయట. నన్ను ప్రచార ఉపసంఘంలో సభ్యుడిగా ఏకగ్రీవంగా తీసుకున్నారట, చందా రెండు వేలు. ఈ ఆదివారం సర్వసభ్య సమావేశం. మొదటి అంశం, ఒలింపిక్ జ్యోతి ఊళ్ళోకి రాగానే ముందుగా ఎవరు పట్టుకోవాలన్నది. పోయిన సమావేశంలో ఈ విషయం మీదే రెండు కుర్చీలు విరిగాయి. రెండో అంశం, ఆ కుర్చీల డబ్బు షామియానా అతనికి ఎవరివ్వాలన్నది.